మరణ స్పృహ: కంబదూరు మెట్ట మీంచి

మరణ స్పృహ అంటే తానూ ఒకనాడు పోతానని మనిషికి ఉండే ఎరుక. అయినవాళ్లు పోయినప్పటి దుఃఖం వేరు, జబ్బు చేసినప్పటి భయం వేరు. ఆ రెండింటి అడుగునా కదలకుండా పడి ఉండే సంగతి ఇది. ఈ ఎరుక మనసును కుంగదీస్తుందా, కుదుటపరుస్తుందా అని మనస్తత్వ శాస్త్రజ్ఞులు అర్ధశతాబ్దంగా వాదించుకుంటున్నారు. తెలుగువాళ్లు అంతకు ఎంతో ముందే దీనికి పేరు పెట్టి, ఆ పేరులో కాస్త ఎకసెక్కం కూడా కలిపారు: శ్మశాన వైరాగ్యం.

ప్రసూతి వైరాగ్యం, పురాణ వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడు చెబుతారు. మూడింటికీ ఉమ్మడి గుణం ఒకటే, నిలవకపోవడం. పురిటి నొప్పుల్లో ఇక చాలనుకున్న తల్లి మళ్లీ కంటుంది. పురాణం విన్నంతసేపూ సంసారం మిథ్య అనుకున్నవాడు గుడి మెట్లు దిగగానే చెప్పుల కోసం వెతుక్కుంటాడు. కాటి దగ్గర ‘ఏముందబ్బా, ఇంతే గదా’ అని నిట్టూర్చినవాడికి ఇల్లు చేరి నీళ్లు పోసుకునే సరికి గట్టు తగాదా గుర్తొస్తుంది.

అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం అవతల, కర్ణాటక పావగడ వైపు పరుచుకున్న మెట్ట మీద ఉంది కంబదూరు. జిల్లాలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత వాన తక్కువ జిల్లా ఇదేనని పేరుపడింది. ఎర్రనేల, శెనక్కాయ పంట, ఎండిన బోర్లు, బెంగళూరు బస్సు. ఇక్కడ అంత్యక్రియకు వెళ్లిరావడాన్ని ‘మట్టికి పోయిరావడం’ అంటారు. ముసలివాళ్లను కదిలిస్తే చావు మాట వాళ్లే ముందు ఎత్తుతారు, ఏ జంకూ లేకుండా. ‘కాలూ చెయ్యీ ఆడతాండంగానే పోవాల, ఒకరితో చేపిచ్చుకోగూడదు’ అన్నది ఈ సీమ అరుగుల మీద ఎప్పుడూ వినిపించే కోరిక. అందులో చావంటే భయం కనపడదు. మంచాన పడతామన్న భయం మాత్రం నిండా ఉంది.

శాస్త్రం తిరిగి తిరిగి చేరిన చోటు కూడా దీనికి దూరం కాదు. వృద్ధుల్లో మరణ భయం మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను బారీ ఫోర్ట్‌నర్, రాబర్ట్ నైమెయర్ 1999లో ఒకచోట చేర్చి లెక్కగట్టారు. వయసు మీరడం వల్ల భయం పెరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు. మతనిష్ఠ ఎంత అన్నదీ పెద్దగా తేడా చూపలేదు. ఒంట్లో రోగాలున్నవాళ్లకు, మనసులో నలత ఉన్నవాళ్లకు, గడిచిన బతుకును తలచుకుని తృప్తి పడలేనివాళ్లకు భయం ఎక్కువ.

455 డాలర్ల పూచీకత్తు

ఈ చర్చకు ఆధునిక రూపం ఇచ్చినవారు అమెరికన్ మానవ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ బెకర్. మతం, వంశం, కీర్తి, ఆస్తి అంటూ మనిషి కట్టుకున్నదంతా చావును చూడనట్టు నటించడానికేనని 1973లో ‘ద డినయల్ ఆఫ్ డెత్’ అనే పుస్తకంలో వాదించారు. మరుసటి ఏడాది మార్చిలో క్యాన్సర్‌తో ఆయనే కన్నుమూశారు. ఆ పుస్తకానికి పులిట్జర్ బహుమతి వచ్చింది ఆ తర్వాతే.

బెకర్ ఊహను ప్రయోగశాలకు ఎక్కించింది జెఫ్ గ్రీన్‌బర్గ్, టామ్ పిజిన్‌స్కీ, షెల్డన్ సాలమన్. 1986లో వాళ్లు ప్రతిపాదించిన టెర్రర్ మేనేజ్‌మెంట్ సిద్ధాంతం సారం ఇది: చావు గుర్తుకొస్తే మనిషి తన కులం, మతం, దేశం, నీతి అనే గోడలను ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాడు. 1989లో అచ్చయిన ఒక ప్రయోగంలో అరిజోనా రాష్ట్రం టూసన్‌లోని 22 మంది మునిసిపల్ న్యాయమూర్తులకు ఒక కల్పిత కేసు ఇచ్చారు. వ్యభిచార నేరం కింద పట్టుబడిన స్త్రీకి పూచీకత్తు ఎంత విధించాలన్నది ప్రశ్న. కొందరి చేత ముందుగా తమ చావు గురించి నాలుగు ముక్కలు రాయించారు. రాయనివాళ్లు సగటున 50 డాలర్లు అన్నారు. రాసినవాళ్లు 455 అన్నారు.

చావు తలపుకొస్తే మనిషి మెత్తబడతాడని నమ్మేవాళ్లకు ఇది చేదు మాత్ర. తర్వాతి ఇరవై ఏళ్లలో ఇలాంటి ప్రయోగాలు వందల్లో జరిగాయి. అయితే 21 ప్రయోగశాలలు కలిసి రెండు వేల మందికి పైగా మనుషులతో అలాంటి ప్రయోగాన్నే తిరిగి చేసి చూస్తే, 2022లో వెలువడిన ఫలితాల్లో ఆ ప్రభావం కనపడలేదు. చేసిన తీరు సరిగా లేదని సిద్ధాంతం పక్షంవాళ్లు, ఉన్నదే అంతంతమాత్రమని ఎదుటి పక్షంవాళ్లు ఇంకా తగువులాడుకుంటున్నారు. కాగితం మీద రెండు ప్రశ్నలకు జవాబు రాయించి పుట్టించిన మరణ స్పృహ ఎంతసేపు నిలుస్తుందని మన సామెతల వాళ్లను అడిగి ఉంటే ఖర్చు తగ్గేదేమో.

తీరిగ్గా, లోతుగా ఆలోచింపజేస్తే ఫలితం వేరుగా వస్తుంది. 2004లో ఫిలిప్ కొజొలీనో బృందం కొందరిని ఒక అగ్నిప్రమాదంలో తాము చిక్కుకున్నట్టు వివరంగా ఊహించుకోమని, ఇంతవరకు గడిపిన బతుకును వెనక్కి తిరిగి చూసుకోమని, అయినవాళ్లు ఎలా తట్టుకుంటారో తలచుకోమని అడిగింది. డబ్బు, పేరు మీద ఆశ ఎక్కువున్నవాళ్లలో కూడా ఆ తర్వాత పేరాశ తగ్గింది. చావు స్ఫురించడం వేరు, చావును కూర్చోబెట్టుకుని మాట్లాడటం వేరు అన్నమాట.

రాయలసీమ పల్లెల్లో ఈ రెండో పనికి ఏర్పాట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. శవం ఇంట ఉన్న రాత్రి భజన బృందం తత్వాలు పాడుతూ తెల్లవార్లూ కూర్చుంటుంది. దేహం తోలుతిత్తి అనీ, తొమ్మిది తూట్ల కుండ అనీ వినేది ఆ పూట ఒక పాఠంలా ఉండదు. ఎదుటే నిదర్శనం పడుకుని ఉంటుంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను వచ్చేదాకా జనం నిద్ర ఆపుకుని కూర్చునేవాళ్లు. ఆ ఘట్టంలో నటులు గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలను చేర్చి పాడటం ఆనవాయితీ అయిపోయింది. వన్స్‌మోర్ కొట్టించుకునేవి కూడా అవే. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి ప్రాంతంలోనే ఉంది. చావును పదేపదే ఎదుటికి ఈడ్చి మాట్లాడించిన ఆ కవి పద్యాలను సి.పి. బ్రౌన్ 1829లో అచ్చువేయించక ముందు కూడా ఈ సీమ నోట ఉంచుకుంది.

రాళ్ల మీద చావులు

కంబదూరులో పాత శివాలయాలు ఉన్నాయి. ఊరి శిథిలాల్లో జైనం జాడలను చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడి నుంచి దక్షిణాన అమరాపురం, హేమావతి వైపు, ఉత్తరాన కొనకొండ్ల వైపు వెళ్తే ఒకప్పుడు జైనం ఈ మెట్టను ఎంత పరచుకుందో తెలుస్తుంది. ‘సమయసారం’ రాసిన కుందకుందాచార్యుడిది కొనకొండ్లేనని పరిశోధకుడు పి.బి. దేశాయి లాంటివారు చెప్పారు. హేమావతి నొళంబ రాజుల రాజధాని.

ఈ ప్రాంతంలో చావును గురించి రెండు రకాల రాళ్లు మాట్లాడతాయి. ఒకటి వీరగల్లు. కింది అంతస్తులో పోరు, నడిమి అంతస్తులో వీరుణ్ని దేవకన్యలు తీసుకుపోవడం, పై అంతస్తులో శివలింగం ముందు అతను. ఆవుల మందను కాపాడబోయి పడినవాడికి ఊరు ఎత్తిన రాయి అది. పోయినా ఊళ్లో నిలుస్తానన్న నమ్మకాన్ని రాబర్ట్ జే లిఫ్టన్ అనే మనోవైద్యుడు ప్రతీకాత్మక అమరత్వం అన్నారు. ఇక్కడ దానికి బరువూ ఎత్తూ ఉన్నాయి, పసుపు రాసి మొక్కేవాళ్లు కూడా ఉన్నారు.

రెండోది నిసిధి. సల్లేఖన వ్రతం పట్టి, ఆహారాన్ని అంచెలంచెలుగా మానుకుంటూ ప్రాణం విడిచిన జైనులకు నిలిపిన స్మారకం. అమరాపురం పరిసరాల్లో ఇలాంటివి దొరికాయి. శ్రవణబెళగొళలో కొల్లలు, రాష్ట్రకూట వంశపు చివరివాడు నాలుగో ఇంద్రుడు 982లో అక్కడే సల్లేఖనతో పోయాడు. కోపంతోనూ నిరాశతోనూ ఈ వ్రతం పట్టరాదు, గురువు అనుమతి కావాలి, చుట్టూ సంఘం ఉండాలి అన్నవి నియమాలు. 2015 ఆగస్టు 10న రాజస్థాన్ హైకోర్టు దీన్ని ఆత్మహత్యగా లెక్కగట్టింది. అదే నెల 31న సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. వ్రతం పట్టిన ముసలామె తన ఇష్టంతోనే పట్టిందా, ఇంటివాళ్ల చూపులు చదివి పట్టిందా అన్నది ఏ రాయీ చెప్పదు.

బరువు

ఈ నేల మీద చావు గురించి రాస్తూ రైతు ఆత్మహత్యలను దాటేయడం కుదరదు. 1990ల చివరి నుంచి అనంతపురం పేరు దేశానికి తెలిసింది చాలావరకు ఆ వార్తలతోనే. 2004లో రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది. ఈ జిల్లా రైతు బతుకును కథలకెక్కించిన సింగమనేని నారాయణ ఒక కథకు ‘జూదం’ అని పేరు పెట్టారు. విత్తనం చేతిలోంచి జారాక ఆకాశం వైపు చూడటం తప్ప చేయగలిగింది లేని సేద్యానికి అంతకన్నా సూటి పేరు దొరకదు.

ఇక్కడ ఒక గీత గీయాలి. పోతానని ఎరగడం ఒకటి, పోవాలనుకోవడం మరొకటి. ఆత్మహత్యల మీద జీవితమంతా పనిచేసిన ఎడ్విన్ ష్నైడ్‌మన్ 1993లో పోవాలనుకోవడానికి మూలం ఓర్వరాని మనోవేదన అన్నారు. ఆ మనిషి కోరేది వేదన ఆగడం, అంతే. థామస్ జాయినర్ 2005లో ఇంకొంచెం ముందుకెళ్లి రెండు భావాలను వేలెత్తి చూపారు: నా వాళ్లకు నేను బరువయ్యాను, నాకంటూ ఎవరూ లేరు. అప్పు ఎంత అన్నది కాగితం మీద అంకె. అప్పిచ్చినవాడు వాకిట నిలబడి కేకలేస్తుంటే ఇరుగుపొరుగు వినడం వేరే లెక్క. ‘మర్యాద పాయ’ అంటారు సీమలో. మర్యాద పోయినవాడు తనను తాను ఇంటికి మోయలేని మూటగా చూసుకోవడం మొదలుపెడతాడు, ఇంటివాళ్లు అలా అనుకోకపోయినా.

అరుగు మీది ముసలాయన కోరికలో ఉన్నదీ ఈ బరువే. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో నయంకాని రోగులు వైద్యుడి సాయంతో ప్రాణం విడవడానికి 1997 నుంచి చట్టం వీలిస్తోంది. అలా కోరుకున్నవాళ్లు చెప్పిన కారణాలను ఏటా అచ్చువేస్తారు. నొప్పి భరించలేమన్నవాళ్ల కంటే, స్వతంత్రం పోయిందన్నవాళ్లు, ఇంటివాళ్లకు బరువవుతున్నామన్నవాళ్లు ఎక్కువగా కనపడతారు. కెనడా మనోవైద్యుడు హార్వీ చోచినోవ్ కూడా చివరి దశ రోగుల్లో ఇదే చూశారు: ఇతరులకు భారమయ్యానన్న తలపు ఉన్నచోట బతుకు మీద ఇచ్ఛ సన్నగిల్లుతుంది. చావును ఎదురుగా చూడటం మనసుకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్న పాత ప్రశ్నకు జవాబు చావులో వెతికితే దొరకకపోవడానికి కారణం ఇదే కావచ్చు. తన బరువును ఎవరు మోస్తారు, ఇష్టంగా మోస్తారా అన్న దాని మీద చాలా ఆధారపడి ఉంది.

పోవాలన్న తలపు సలుపుతున్నవాళ్లు, అలాంటివాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ టెలిమానస్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

గడువు తెలిసినవాళ్లు

వైద్యుడు గడువు చెప్పాక మనిషి ఐదు మెట్లు దిగుతాడని — నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం — 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్‌రాస్ రాసింది ఇప్పటికీ పాఠాల్లో వినిపిస్తుంది. మెట్లు ఆ వరుసలో రావని, కొన్ని అసలు రావని తర్వాతి పరిశోధకులు తేల్చారు. రోగులు బయటివాళ్లు అనుకున్నంత కుంగిపోరన్నది కూడా తేలింది. 2017లో అమీలియా గొరాన్సన్ బృందం మరణం దగ్గరపడిన రోగుల రాతలనూ, ఉరిశిక్ష పడ్డ ఖైదీల చివరి మాటలనూ పరీక్షించింది. ఆ స్థితిని ఊహించుకుని రాయమంటే ఆరోగ్యవంతులు రాసిన వాటికంటే వాటిలో ప్రేమ, తృప్తి వంటి మాటలే ఎక్కువ ఉన్నాయి.

తెలుగులో దీనికి నిలువెత్తు ఉదాహరణ దేవులపల్లి కృష్ణశాస్త్రి. ‘కృష్ణపక్షం’తో విషాద కవి అనిపించుకున్న ఆయనకు 1963లో గొంతు క్యాన్సర్ వల్ల మాట పోయింది. 1980లో పోయేదాకా కాగితం మీద రాసి చూపిస్తూ కబుర్లాడారు. సినిమాలకు ఎన్నో పాటలు ఆ మౌనంలోనే రాశారు.

మెట్ట నేల మీద గడువు తెలిసి బతకడం మొదట పెద్దఎత్తున జరిగింది హెచ్‌ఐవీ వల్ల. 1969లో అనంతపురం వచ్చిన విసెంటె ఫెర్రర్ ఇక్కడ గ్రామీణాభివృద్ధి ట్రస్టు స్థాపించారు. జనం ఆర్‌డీటీ అనే ఆ సంస్థకు బత్తలపల్లిలో, కళ్యాణదుర్గంలో ఆసుపత్రులున్నాయి. బత్తలపల్లిలోని ఆసుపత్రి జిల్లా హెచ్‌ఐవీ రోగులకు ప్రధాన ఆసరా అయింది. ఫెర్రర్ 2009లో మరణించాక ఆయన్ను పూడ్చిందీ బత్తలపల్లిలోనే. దేశంలో హెచ్‌ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. అంతకు ముందు రిపోర్టు చేతికి రావడమంటే లెక్కలు చక్కబెట్టుకోవడమే. తర్వాత అదే మనిషి మాత్రలు వేసుకుంటూ ఏళ్లకేళ్లు బతకసాగాడు. ఇది సంతోషమే అయినా తేలిక కాదు. అమెరికాలో 1996 తర్వాత ఇలా మలుపు తిరిగినవాళ్ల తికమకను లాజరస్ సిండ్రోమ్ అన్నారు: ఆస్తి పంచేసి, బంధాలు తెంచుకుని, చావుకు సిద్ధపడ్డాక మళ్లీ బతకమంటే ఎలా? కాటిదాకా పోయి తిరిగొచ్చినవాణ్ని ఊరు చూసే చూపు కూడా అంత సులువుగా మారదు.

నయంకాని రోగుల నొప్పినీ బాధనూ తగ్గించే సాంత్వన వైద్యం ముందే అందితే ఏమవుతుందో 2010లో బోస్టన్ నుంచి వచ్చిన అధ్యయనం చూపింది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో కొందరికి మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ సాంత్వన వైద్యుల సాయం ఇచ్చారు. వాళ్లలో కుంగుబాటు లక్షణాలు 16 శాతం మందికి, మిగిలినవాళ్లలో 38 శాతం మందికి కనిపించాయి. బతికిన కాలమూ పెరిగింది: 8.9 నెలలకు బదులు 11.6 నెలలు. చావు గురించి మాట్లాడితే రోగి ధైర్యం చెడుతుందని దాచిపెట్టే ఇళ్లవాళ్లకు ఈ అంకెలు చెప్పాలి. తెలుగు నేల మీద ఈ వైద్యానికి ముఖ్యమైన చోటు హైదరాబాదులోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. పల్లెలకు నొప్పి తగ్గించే మార్ఫిన్ చేరడం ఇంకా కష్టమే. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సడలించింది ఆ కష్టం తగ్గించడానికే.

చోచినోవ్ 2005లో ప్రకటించిన డిగ్నిటీ థెరపీ ఇంకా చిన్న పని. రోగి పక్కన కూర్చుని, నీ బతుకులో గుర్తుండాల్సింది ఏమిటి, నీవాళ్లకు ఏం చెప్పాలనుకుంటున్నావు అని అడిగి, రాసి, ఆ కాగితాలు ఇంటివాళ్లకు అందజేస్తారు. మొదటి అధ్యయనంలోని 100 మందిలో 91 శాతం తృప్తిపడ్డారు. 2011లో మరింత కట్టుదిట్టంగా పరీక్షిస్తే వేదన కొలతల్లో తేడా రాలేదు, అయినా రోగులు తమకు మేలు జరిగిందనే అన్నారు. మనవడికి పాత కరువుల కథ చెప్పే అవ్వకు ఈ ఫలితంలో వింత ఏమీ కనపడదు.

చట్టం కూడా మెల్లగా కదిలింది. 2004లో హైదరాబాదులో కండరాలు క్షీణించే జబ్బుతో ఉన్న పాతికేళ్ల చదరంగ క్రీడాకారుడొకరు, తన అవయవాలు చెడకముందే దానం చేసేలా మరణం అనుమతించమని వేడుకున్నాడు. హైకోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులో అతను పోయాక కళ్లు మాత్రం తీసుకోగలిగారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, నయంకాని స్థితిలో యంత్రాలతో తనను సాగదీయవద్దని ముందుగానే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసి, ఇద్దరు సాక్షులతో, నోటరీ లేక గెజిటెడ్ అధికారి ముందు రాస్తే చాలంది. కంబదూరుకు పొరుగు రాష్ట్రమైన కర్ణాటక 2025 జనవరిలో దీని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది.

నలుగురు

‘నా మట్టికి నలుగురు రావాల’ అన్నది ఈ పల్లెల్లో మంచి బతుక్కి కొలబద్ద. మోసే నలుగురి కోసం బతికినంతకాలం ఊరితో సర్దుకుపోతారు, పెళ్లిళ్లకు చదివింపులు చదివిస్తారు, పక్కవాడి మట్టికి పనులు మానుకుని వెళ్తారు. మహాలయ అమావాస్యకు పెద్దల పటాల ముందు కొత్త బట్టలు పెట్టి కాకికి ముద్ద వేసేది కూడా ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో భాగమే. పోయినవాళ్లతో తెగని బంధం బతికున్నవాళ్లకు మేలు చేస్తుందని డెనిస్ క్లాస్ తదితరులు 1996లో రాసే నాటికి, దుఃఖాన్ని తెంచుకోవడమే ఆరోగ్యమనే పాశ్చాత్య పాఠం పాతబడింది.

ఇప్పుడు కొడుకులు బెంగళూరులో ఉన్నారు. తండ్రి పోతే ఫోన్ వెళ్తుంది, అద్దె ఫ్రీజర్ పెట్టె వస్తుంది, దాని మోటారు చప్పుడులోనే తత్వాలు సాగుతాయి. కొడుకు బస్సు దిగేసరికి తెల్లవారుతుంది. పాడె లేస్తుంది. దారి నడుమ దింపుడు కళ్లం దగ్గర పాడెను కిందికి దించి, చెవి దగ్గర నోరు పెట్టి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. వైద్యుడు చెప్పినా, ఊరంతా చూసినా, ఆ మూడో పిలుపు అయ్యేదాకా ఎవరూ కదలరు. తర్వాత మోసేవాళ్లు భుజాలు మార్చుకుని పాడె ఎత్తుతారు. వెనక నడిచే ముసలివాళ్లు ఇవాళ ఎవరెవరు భుజం పట్టారో చూసుకుంటూ పోతారు.